సెర్గీ గ్రిన్కోవు జీవితము

మంచుగడ్డ యనిన మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బాలబాలికలకు వేసవి గుర్తునకు వచ్చును. ఊకలో పూడ్చి, గోనెపట్ట కప్పి యుంచిన దిమ్మను సోడాదుకాణమువాడు బయటికి దీసి, మేకుతో పగులగొట్టి, ముక్కలను షర్బతు గ్లాసులలో వేయును. క్రింద బడిన ముక్క నొకదానిని ఏరుకొన్న పిల్లవాడు, అది చేతిలోనే కరగిపోవునను భయముతో ఇంటికి పరుగెత్తును. మంచుతో మనకు గల పరిచయ మింతమాత్రమే. అట్టి మనకు మంచునేలపై జారుచు ఆటలాడి లోకప్రసిద్ధి గాంచిన రష్యా దేశీయుని చరిత్ర యేల యని మా చదువరులలో కొందఱు అడుగవచ్చును.

మేమీ చరిత్రను ఎన్నుకొనుటకు కారణ మొకటి కలదు. క్రీడాకారుల జీవితములు వ్రాయువారు సాధారణముగ ఒక్కని బలమును, ఒక్కని వేగమును, ఒక్కని గెలుపును వర్ణింతురు. సెర్గీ గ్రిన్కోవు పొందిన పెద్ద బహుమానములలో ఒక్కటియైనను ఇతడు ఒంటరిగ గెలిచినది కాదు. పదునాలుగవ యేట నొక చిన్నబాలిక చేయి పట్టుకొని మంచునేలపై దిగినవాడు, ఇరువదియెనిమిదవ యేట ఆ చేతిని విడిచిపెట్టినదాక ఆమెతో గాక మఱియెవ్వరితోను పోటీలలో ఆడలేదు. ఆమె పేరు ఎకతెరీనా గొర్దియేవా. ఇంటివారు, స్నేహితులు ఆమెను కాత్యా యని పిలుచుచుండిరి. ఒకరిని విడిచి వేఱొకరి చరిత్రను చెప్పుట సాధ్యము కాదు గనుక ఈ వ్యాసములో ఆమెయు పదేపదే కనబడును.

ముందుగా ఆ యాట యెట్టిదో తెలియవలయును. మిర్యాలగూడ చుట్టుపట్ల మంచు కార్ఖానాలను చూచిన పిల్లలకు దీనిని బోధించుట కష్టము కాదు. కార్ఖానాలో మిక్కిలి చల్లబఱచిన ఉప్పునీటి తొట్టిలో మంచినీటి డబ్బాల నుంచి దిమ్మలు కట్టింతురు. శీతదేశములలో ఆటకై కట్టిన శాలయందు, నేల క్రింద వరుసగా గొట్టములు పఱచి, వానిలో నట్టి చల్లని ద్రవమును ప్రవహింపజేసి, పైన పలుచగ నీరు పోయుదురు. ఆ నీరు గడ్డకట్టి అద్దమువంటి నేల యేర్పడును. దాని పొడవు సుమారు 60 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఆడువారు తోలు బూట్లకు బిగించిన ఉక్కుపట్టీలపై నిలుతురు. ఆ పట్టీ మందము ఇంచుమించు 4 మిల్లీమీటర్లు మాత్రమే. అడుగుభాగమున సన్నని గాడి యుండుటవలన లోపలి అంచు, వెలుపలి అంచు అని రెండు పదునులేర్పడును. నేర్చినవాడు సమముగ నిలువక, ఎల్లప్పుడును ఈ రెండంచులలో నొకదానిపై ఒరిగి వంపులు తిరుగుచుండును. ముందువైపున గల పండ్లు గెంతుటకు ఉపయోగపడును. వీనినే స్కేట్లని యందురు.

ఈ క్రీడలో ఒంటరి యాట, జంట యాట అని భేదములు కలవు. జంట యాటయందు స్త్రీపురుషులిద్దఱును ఒకే సంగీతమునకు ఒకే వేగమున జారవలయును. పురుషుడు స్త్రీని తలపైకెత్తి, ఒక్కొక్కప్పుడు ఒంటిచేతితో నిలిపి, తాను గిరగిర తిరుగుచు నేలయంతయు చుట్టివచ్చును. ఆమెను పైకి ఎగురవేయగా ఆమె బొంగరమువలె గాలిలో తిరిగి మరల అతని చేతులలోనికి దిగును. మఱొకప్పుడు ఆమెను దూరముగ విసరగా, ఆమె మూడు చుట్లు తిరిగి ఒంటికాలిపై వెనుకకు జారుచు దిగును. పురుషుడు ఇరుసువలె నిలిచి చేయి పట్టుకొనియుండగా, స్త్రీ తల మంచును తాకునంత వంగి అతనిచుట్టు తిరుగు విద్య యొకటి కలదు. దానికి మృత్యుచక్రమని పేరు. పేరు విన్నవారికి ఆ పని యెంత ప్రమాదకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కాలమున తొమ్మండుగురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు నేర్పునకు వేఱుగను, అందమునకు వేఱుగను ఆఱింటికి మార్కులు వేయుచుండిరి. మొదటిదినము చిన్న యాట, రెండవదినము నాలుగున్నర నిమిషముల పెద్ద యాట జరుగుచుండెను.

మన దేశములో నిట్టి మంచునేలలు మిక్కిలి అరుదు. సిమ్లాలో 1920వ సంవత్సరమునుండి చలికాలపు మంచుమీద ఆడు మైదాన మొకటి కలదు. మన హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామా చక్రముల స్కేట్లతో ఈ విద్యయే నేర్చి, 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ పట్టణమున జరిగిన ఆసియా క్రీడలలో ఒంటరి యాటయందును, అవనీ పాంచాల్‌తో కలిసి జంట యాటయందును కంచుపతకములు తెచ్చెనని ఇచ్చట చెప్పుట మాకు సంతోషము. మంచు లేనిచోట సిమెంటు నేల, ఉక్కుపట్టీ లేనిచోట చక్రములు, విద్య మాత్రమొక్కటే.

ఇక చరిత్రలోనికి వత్తము. సెర్గీ 1967వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి మిఖాయిలు, తల్లి ఆన్నా. ఇరువురును నగర రక్షకభటశాఖలో ఉద్యోగులు. నతాల్యా యను అక్క యొకతె కలదు. తల్లిదండ్రులు పనిలో తీరిక లేనివారగుటచే అక్కయే తమ్ముని ఆలనపాలన చాలవఱకు చూచుచుండెనట. ఐదవయేట ఇతనిని సైన్యమువారి క్రీడాసంఘమునకు చెందిన మంచుశాలకు పంపిరి. ఆ దేశమున అప్పుడు సోవియట్ ప్రభుత్వమే పిల్లలను ఎన్నుకొని, శిక్షకులను నియమించి, చదువును ఆటను ఒక్కచోటనే చెప్పించుచుండెను. రుసుము లేదు, కాని శిక్షకుని మాటకు ఎదురును లేదు. సెర్గీ ఒంటరి పోటీలకు వలసిన గెంతులలో అంతగ రాణింపలేదు. పొడగరి, నిదానస్థుడు, మితభాషి. అట్టివాడు జంట యాటకు పనికివచ్చునని శిక్షకులకు తోచెను.

1981వ సంవత్సరము ఆగస్టు నెలలో వ్లదీమిరు జఖారోవు అను శిక్షకుడు పదునాలుగేండ్ల సెర్గీకి పదేండ్ల కాత్యాను జతపఱచెను. ఆమె 1971 మే 28వ తేదీన మాస్కోలోనే పుట్టినది. ఆమె తండ్రి సైన్యమువారి అలెగ్జాండ్రోవు గాననాట్య బృందములో నర్తకుడు. తల్లి టాస్ వార్తాసంస్థలో టెలిప్రింటరుమీద పనిచేయుచుండెను. మన పల్లెలలో ఎడ్లను జతకట్టునప్పుడు రైతు మొదట చూచునది ఎత్తు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదియైన కాడి నిలువదనును. బండ లాగు పందెములలో నయితే అట్టి జోడును చూచి జనులు నవ్వుదురు. ఇక్కడ శిక్షకుడు చేసినది సరిగా అదియే! కాత్యా తల సెర్గీ భుజమునకు సయితము అందదు. అయినను జంట యాటలో ఎత్తువానికి ఎత్తు, ఎత్తబడుదానికి తేలిక కావలయును గనుక, జఖారోవుని లెక్క తప్పు కాలేదు. తొలుత వారిరువురును అన్నా చెల్లెండ్రవలె కాదు, స్నేహితులవలె కూడ కాదు. ఒకే పనిలో చేరిన ఇద్దఱు పనివారివలె నుండిరి. సాధన ముగియగానే సెర్గీ తన యీడు బాలురతో వెడలిపోవుచుండెను. నాలుగేండ్ల వ్యత్యాసము ఆ వయస్సున ఎంత పెద్దదో మా విద్యార్థులకు తెలియనిది కాదు. ఫోర్తు ఫారము పిల్లవాడు ప్రైమరీ తరగతి బాలికతో ఏమి మాటలాడును?

1984వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున జరిగిన బాలుర, బాలికల ప్రపంచపోటీలో వీరు మొదటి బహుమతి పొందిరి. పిమ్మట స్టానిస్లావు జూకు అను పేరుమోసిన శిక్షకుని చేతిలో బడిరి. ఈయన పూర్వము పలువురు విజేతలను తీర్చిదిద్దినవాడే గాని మిక్కిలి కఠినుడు. 1986 మొదలుకొని స్టానిస్లావు లియోనోవిచు శిక్షకుడయ్యెను. ఆటకు కూర్పు కట్టునది మరీనా జ్వేవా యను స్త్రీ. వీరి విజయములలో ఈమె పాలు పెద్దది. మన కూచిపూడి మేళములో నట్టువుడు లేనిదే ఆట లేనట్లు, ఇచ్చట కూర్పరి లేనిదే జంట లేదు. ఇద్దఱి చేతులు ఒకే క్షణమున లేచుట, తలలు ఒకే వైపు తిరుగుట, చూపులు కలిసికొనుట అనువానిని ఈమె పరిశ్రమించి నేర్పెను.

1986 మార్చిలో స్విట్జర్లాండు దేశపు జెనీవా నగరమున పెద్దల ప్రపంచపోటీ. అంతకు రెండేండ్ల ముందు ఒలింపిక్ స్వర్ణము పొందిన వాలోవా, వసీల్యేవు దంపతులు అందు పాల్గొనిరి. వారిని మించి మొదటి స్థానము పొందినది ఈ క్రొత్త జంట. సెర్గీకి పందొమ్మిదేండ్లు, కాత్యాకు పదునాలుగు.

మరుసటి సంవత్సరము జరిగిన రెండు సంగతులను కొంత విపులముగ చెప్పవలసియున్నది. 1987 ఆరంభమున సారాయెవో నగరములో యూరపు ఖండపు పోటీ జరిగెను. పెద్ద యాట నడుచుచుండగా సెర్గీ లాగు అడుగుభాగమును బూటునకు బంధించు పట్టీ తెగిపోయెను. అది స్కేటు క్రింద చిక్కినయెడల ఇరువురును పడుదురని పెద్దలు సైగచేసిరి, సంగీతమును నిలిపిరి. వీరు నిలువలేదు. సంగీతము లేని ఆ నిశ్శబ్దములో, ఉక్కు మంచును కోయు చప్పుడు మాత్రమే వినబడుచుండగా, చివరివఱకు ఆడి ముగించిరి. మరల మొదటినుండి ఆడుడని పెద్దలు కోరగా అంగీకరింపకపోవుటచే పోటీనుండి తొలగింపబడిరి. ఇది ధైర్యమా, మొండితనమా యని ఆనాడు వాదములు జరిగినవి. పెద్దలు చెప్పినపుడు నిలువవలయుననియే మా యభిప్రాయము, ఏలయన ఆ నియమము వారి ప్రాణరక్షణకొఱకే యేర్పడినది. అయినను సంగీతము లేకయే ఇద్దఱును ఒక్క అడుగు తప్పక చివరిదాక కలిసియుండిరను సంగతి, నియమముతో నిమిత్తము లేకయే ఆశ్చర్యము గొల్పుచున్నది. కొలది వారములకే అమెరికాలోని సిన్సినాటి పట్టణమున ప్రపంచపోటీ జరుగగా వీరు మరల మొదటివారైరి. అందు సెర్గీ కాత్యాను పైకి ఎగురవేయగా ఆమె గాలిలో నాలుగు చుట్లు తిరిగి అతని చేతులలో దిగెను. అట్టిది చూచినవారు ఆ కాలమున అరుదు.

రెండవది అంతకంటె గట్టి సంగతి. ఆ సంవత్సరమే నవంబరులో సాధన చేయుచుండగా సెర్గీ కాత్యాను తలపైకెత్తి జారుచుండెను. అతని స్కేటు మంచులోని గాడిలో తగులుకొనెను. ఆమె అంత ఎత్తునుండి పడి, నుదురు మంచునకు కొట్టుకొని, తెలివి తప్పెను. ఆమెను ఆసుపత్రిలో చేర్చి కొన్ని దినము లుంచిరి. ఒలింపిక్ పోటీలకు మూడు మాసములే గడువు. ఆసుపత్రికి పోయిన సెర్గీ ఎంతగ క్రుంగిపోయెనో ఆమె తరువాత తన గ్రంథములో వ్రాసియున్నది. తాను పడుటకంటె తన చేతినుండి ఇంకొకరు పడుట ఎంత భారమో ఇతనికి ఆనాడు తెలిసినది. అది మొదలు అతని పట్టు మారినదనియు, అంతవఱకు ఇద్దఱు ఆటగాండ్రుగ నున్న తాము అటుపిమ్మటనే నిజముగ జంటయైతిమనియు ఆమె తలచినది. ఆ పట్టులోని మార్పు చూచువారికి కనబడునది కాదు. పట్టుకొన్నవానికిని, పట్టుబడినదానికిని మాత్రమే తెలియునది.

1988 ఫిబ్రవరిలో కెనడా దేశపు కాల్గరీ నగరమున శీతకాలపు ఒలింపిక్ పోటీలు జరిగినవి. సెర్గీకి అప్పుడే ఇరువదియొక సంవత్సరము నిండెను. కాత్యాకు పదునాఱు. మూడు నెలల క్రిందట తెలివి తప్పి మంచుమీద పడియుండిన బాలిక అదే చేతులలో నిశ్చింతగ పైకి లేచెను. ఒక్క తప్పు లేదు. స్వర్ణపతకము వీరిదయ్యెను. అయినను గెలుపు ఎల్లకాలము ఒకేరీతిని నిలుచునది కాదు. ఆ మార్చిలోనే బుడాపెస్టు ప్రపంచపోటీలో వాలోవా, వసీల్యేవులు వీరిని రెండవస్థానమునకు నెట్టిరి. 1989లో ప్యారిసులోను, 1990లో కెనడాలోని హాలిఫాక్సులోను వీరు మరల ప్రపంచవిజేతలైరి. ఈ మధ్య కాత్యా యెదుగుచుండెను. ఎత్తు, బరువు మారినకొలది పాత విద్యలు తూకము తప్పును. చిన్నపిల్లగ నున్నపుడు తేలికయైన ఎగురవేత ఇప్పుడు కష్టమయ్యెను. ఎన్నియో జంటలు ఈ వయస్సుననే విడిపోవును. వీరు తమ ఆటనే మార్చుకొనిరి. దుముకుడు తగ్గి, సాగుడు పెరిగెను. మా దృష్టిలో వీరి మేలైన ఆట అంతయు ఈ మార్పునకు తరువాతిదే.

స్నేహము ప్రేమగ మారి, 1991 ఏప్రిల్ నెలలో మాస్కోలో వారిరువురికి వివాహమయ్యెను. ప్రభుత్వ కచేరిలో ఒకనాడును, దేవాలయములో వేఱొకనాడును పెండ్లి జరిగెను. ఆ సంవత్సరము ముగియులోపల వారు పుట్టి పెరిగిన సోవియట్ రాజ్యమే లేకుండ పోయెను. క్రీడాసంఘములకు ధనమిచ్చు ప్రభుత్వము లేదు. అప్పటికే వీరు పోటీలను విడిచి, ప్రదర్శనల నిచ్చుచు వేతనము పొందు వృత్తి ఆటగాండ్రైరి. అమెరికాలో ఊరూర తిరుగుచుండిరి. 1992 సెప్టెంబరు 11వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని మారిస్‌టౌనులో వారికి కుమార్తె పుట్టెను. దార్యా యని పేరిడిరి.

అంతవఱకున్న నియమము ప్రకారము ధనమునకై ప్రదర్శనలిచ్చినవారు ఒలింపిక్ పోటీలకు అర్హులు కారు. ఆ నియమము సడలింపబడెను. పైగా వేసవి, శీతకాలపు ఒలింపిక్ పోటీలు ఒకే సంవత్సరమున రాకుండునట్లు క్రమమును మార్చుటచే, 1992 తరువాత నాలుగేండ్లకు గాక రెండేండ్లకే, 1994లో, నార్వే దేశపు లిలిహామరులో శీతకాలపు పోటీలు నిర్ణయింపబడినవి. సెర్గీ, కాత్యాలు మరల పోటీకి దిగుటకు నిశ్చయించిరి. ఇరువదియేడేండ్లవాడు, ఇంటిలో ఏడాది దాటిన పసిబిడ్డ, సుఖముగ జరుగుచున్న వృత్తి, ఒకవేళ ఓడినచో ఉన్న కీర్తికే లోపము. ఈసారి వెనుక సోవియట్ జెండా లేదు, రష్యా జెండా కలదు. బిడ్డను అమ్మమ్మకు అప్పగించి సాధనకు మరలిరి.

జ్వేవా వారికి బీథోవెను మూన్‌లైట్ సొనాటాకు కూర్పు కట్టెను. స్త్రీని, అందును మాతృమూర్తిని, కొనియాడుటయే ఆ కూర్పులోని భావము. పోటీ జరిగినది హామారు అను సమీప పట్టణమునందలి శాలలో. ఆ నాలుగున్నర నిమిషముల దృశ్యమును ఇప్పుడెవరైనను తెరపై చూడవచ్చును. మేము పలుమారులు చూచితిమి. చిత్రమేమనగా, అది తప్పులేని ఆట కాదు. సెర్గీ గెంతు నొకదానిని పూర్తిగ చుట్టలేకపోయెను. వీరితో పోటీపడిన మిష్కుత్యోనోక్, ద్మీత్రియేవు జంటయు రష్యావారే, 1992 ఒలింపిక్ విజేతలే. వారు ఆనాడు మిక్కిలి గట్టిగ ఆడిరి. వారికే స్వర్ణము రావలసియుండెనని నేటికిని వాదించువారున్నారు. ఆ వాదమును మేము కొట్టివేయజాలము. గెంతులను మాత్రమే లెక్కించినచో వారి పక్షము బలమైనదే. కాని ఇద్దఱు మనుష్యులు ఒకే ఊపిరితో కదలుట యెట్లుండునో ఎవరైనను మమ్మడిగినయెడల, మేము చూపునది గ్రిన్కోవు జంటనే. న్యాయనిర్ణేతలకును అట్లే తోచెను. రెండవ ఒలింపిక్ స్వర్ణము వీరిదయ్యెను.

ఆ దృశ్యమును చూచునపుడు మేము గమనించినదొకటి చెప్పెదము. మొదటిసారి చూచినవారి కన్నులు కాత్యామీదనే నిలుచును. తెల్లని ముఖము, పక్షివంటి తేలిక. రెండవసారి, మూడవసారి చూచునప్పుడు గాని సెర్గీ కనబడడు. ఆమె పైకి లేచునపుడు క్రింద అతని మోకాళ్లు మెత్తగ వంగుట, ఆమె దిగునపుడు మంచునకు తగిలిన చప్పుడైనను లేకుండ నెమ్మదిగ దింపుట, ఆమె చేయి చాపకమునుపే అతని చేయి అచ్చట నుండుట అప్పుడు తెలియును. ఆటలో అతని పని కనబడకుండుటయే. పందిరిలో పూలదండలను అందఱు చూతురు, గుంజను చూచువారెవరు?

పోటీల చరిత్ర యింతటితో సరి. ఒలింపిక్ స్వర్ణములు రెండు, ప్రపంచవిజయములు నాలుగు, యూరపు ఖండపు విజయములు మూడు. ఇవిగాక వృత్తి ఆటగాండ్ర ప్రపంచపోటీలలో 1991, 1992, 1994 సంవత్సరముల గెలుపులు. కుటుంబము అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో, సిమ్స్‌బరీ అను చిన్న పట్టణమున నివాసమేర్పఱచుకొనెను. 1995లో సెర్గీని నడుమునొప్పి బాధించుచుండెను. ఏండ్ల తరబడి బరువు ఎత్తినవాని నడుము నొచ్చుటలో వింత లేదు గనుక అందఱి దృష్టియు దానిమీదనే యుండెను. లోపల పెరుగుచున్న వేఱొక రోగమును ఎవ్వరును ఊహింపలేదు.

1995 నవంబరు 20వ తేదీ, సోమవారము. న్యూయార్కు రాష్ట్రములోని లేక్ ప్లాసిడ్ పట్టణమున, పూర్వము ఒలింపిక్ పోటీలు జరిగిన మంచుశాలలో, రాబోవు ప్రదర్శనకై ఉదయపు సాధన సాగుచుండెను. గ్రీగ్ అను నార్వే సంగీతకారుని పియానో కూర్పు మ్రోగుచుండెను. ఒకచోట సెర్గీ కాత్యా నడుముచుట్టు చేతులు వేసి ఆమెను ఎత్తవలయును. చేతులు రాలేదు. అతడు ముందుకు వంగి, తెలియకయే కొంతదూరము జారుచు పోయి, మోకాళ్లు వంచి మెల్లగ మంచుపై పరుండెను. నడుమునొప్పియే యని ఆమె మొదట తలచెను. సంగీతమును నిలిపిరి. సహాయమునకై పరుగులెత్తిరి, ప్రాణము నిలుపుటకు చేయదగినదంతయు చేసిరి, సమీపమునందలి సారనాక్ లేక్ ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ప్రయోజనము లేకపోయెను. ఇరువదియెనిమిదేండ్ల తొమ్మిది మాసముల ప్రాయమున సెర్గీ గ్రిన్కోవు మరణించెను. పడిపోవునపుడు సయితము అతడు ఆమెను పడవేయలేదని పలువురు చెప్పుకొందురు. ఆ క్షణమున అతడు ఆమెను ఇంకను ఎత్తియుండలేదనుటయే సత్యము. కాని మఱికొన్ని క్షణములు గడచియున్నచో ఏమగునో తలచుకొనుటకు భయము కలుగుచున్నది.

వైద్యులు శవపరీక్ష చేయగా, గుండెకు నెత్తురు నందించు నాళములు ముసలివానికివలె పూడుకొనిపోయియుండుటయు, గుండె పెరిగియుండుటయు బయటపడెను. పొగరుబోతు యౌవనము, దినమునకు గంటల తరబడి వ్యాయామము, బయటికి ఎట్టి చిహ్నమును లేని దేహము; లోపల ఈ స్థితి! ఇతని తండ్రియు ఏబదియేండ్లు దాటిన కొలదికాలమునకే గుండెపోటుతో మరణించినవాడు. పిమ్మట అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున పరిశోధకులు సెర్గీ నెత్తురును పరీక్షించి, నెత్తురు త్వరగ గడ్డకట్టుటకు తోడ్పడు ఒక వంశానుగత లక్షణమును అందు కనుగొనిరి. ఆ లక్షణము జనులలో పలువురికి కలదు. అది యొక్కటియే మరణకారణమని చెప్పుటకు వీలులేదని పలువురు వైద్యుల మతము. ఇతర జాతులవారికంటె మన భారతీయులకు గుండెజబ్బు ముందుగ వచ్చుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. మా చదువరుల ఇండ్లలో తండ్రిగాని, పినతండ్రిగాని, మేనమామగాని ఏబదికి ముందే గుండెపోటుతో పోయినవారున్నయెడల, ఆ సంగతిని వైద్యునికి తెలిపి పరీక్ష చేయించుకొనుటకు సంకోచింపరాదు. కండలు బలముగ నున్నంతమాత్రమున గుండె బాగున్నదని నమ్ముట పొరపాటు.

సెర్గీ దేహమును మాస్కోకు తీసికొనిపోయి వగాన్‌కోవో శ్మశానవాటికలో సమాధి చేసిరి. కాత్యాకు ఇరువదినాలుగేండ్లు. పదేండ్ల ప్రాయమునుండి ఆమె ఒంటరిగ మంచుమీద ఆడి యెఱుగదు. చేయి చాపినపుడెల్ల అచ్చట వేఱొక చేయి యుండెడిది. ఆమె కొంతకాలము మంచుశాల వైపు చూడలేదు. తరువాత ఒకనాడు మాస్కోలో తాము చిన్నప్పుడు సాధన చేసిన చోటికే పోయి, స్కేట్లు కట్టుకొనెను. తన సెర్గీని గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము 1996లో వెలువడి, లక్షలమంది చదివిరి. వారిద్దఱి పేర్లును ప్రపంచ స్కేటింగు క్రీడాకారుల గౌరవపట్టికలో చేర్చబడినవి.

1996 ఫిబ్రవరి 27వ తేదీన కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డు నగరమున సెర్గీ జ్ఞాపకార్థము ప్రదర్శన జరిగెను. అతని స్నేహితులు, ఒకప్పుడు అతనితో పోటీపడినవారు, పలుదేశములనుండి వచ్చి ఆడిరి. కాత్యా మాలరు అను సంగీతకారుని అయిదవ సింఫనీలోని మంద్రభాగమునకు ఒంటరిగ ఆడెను. ఆ కూర్పును కట్టినది జ్వేవాయే. అందులో కొన్నిచోట్ల ఆమె చేతులు ప్రక్కన ఎవరో యున్నట్లే చాపబడినవి. ఆట ముగిసినపిమ్మట, మూడేండ్లు నిండిన దార్యా చిన్న స్కేట్లతో తల్లియొద్దకు మంచుమీదికి వచ్చెను.